మూడో తరగతి పాప ఇంకా ఒకటి నుంచే లెక్కపెడుతోంది, ఆటలతో దారికి తెచ్చినవాళ్లు ఉన్నారా?

వడ్డేపల్లి_అమ్మ:
అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. పాప మూడో తరగతి, ఇంగ్లిష్ మీడియం. 8కి 5 కలపమంటే ముందు ఎనిమిది వేళ్లు తెరుస్తుంది, తర్వాత ఐదు తెరవడానికి వేళ్లు చాలవు కదా, అక్కడ ఆగిపోయి నా చెయ్యి లాక్కుని నా వేళ్ల మీద మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. ట్యూషన్‌లో ఇరవై వరకు ఎక్కాలు బట్టీ పట్టించమన్నారు, ఏడో ఎక్కం దగ్గరికి వచ్చేసరికి ఏడుపే. లెక్కల నోట్‌బుక్ తీయమంటే కడుపునొప్పి అంటోంది, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. ఇంట్లో ఒక వైపు లూడో, ఇంకో వైపు పాము నిచ్చెన ఉన్న అట్ట ఒకటి ఉంది. ఆటలతో లెక్కలు వస్తాయని ఎవరో చెప్పారు. నిజంగా వస్తాయా? వస్తే ఎలా ఆడించాలి?

పరకాల_టీచరమ్మ:
అమ్మా, నేను సర్కారు బడిలో ఎస్‌జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్), పదిహేడేళ్లుగా ఒకటి నుంచి ఐదు వరకు లెక్కలు చెబుతున్నాను. ఈ రాత్రే పాము నిచ్చెన పరిచి పాపతో ఆడండి. ఏమీ నేర్పించకండి, ఊరికే ఆమె పెదాలు చూడండి. కాయ 23లో ఉంది, డైస్ మీద 5 పడింది అనుకోండి. కాయ జరుపుతూ "ఒకటి, రెండు, మూడు" అంటోందా, "ఇరవై నాలుగు, ఇరవై ఐదు, ఇరవై ఆరు" అంటోందా? అది నాకు చెప్పండి, తర్వాత మాట్లాడదాం.

ఎందుకు అడుగుతున్నానంటే, 2008లో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు అమెరికాలో పేద కుటుంబాల చిన్నపిల్లలతో ఒకటి నుంచి పది వరకు అంకెలు వరుసగా రాసిన చిన్న పటం మీద ఆడించారు. రెండు వారాల్లో నాలుగు సార్లు, ఒక్కోసారి పావుగంట, అంతే. పిల్లలకు ఏ అంకె పెద్దది, ఏది ఎంత దూరంలో ఉంటుంది అన్న అంచనా బాగా మెరుగుపడింది, తొమ్మిది వారాల తర్వాత చూసినా నిలిచింది. అదే ఆటను అంకెలు లేకుండా రంగుల గళ్ల మీద ఆడిన పిల్లల్లో ఆ మార్పు రాలేదు. తర్వాత 2014లో ఎలిడా లాస్కీ, సీగ్లర్ కలిసి వంద గళ్ల పటంతో ఇంకొంచెం పెద్ద పిల్లల్ని చూశారు. కాయ ఉన్న అంకె నుంచి ముందుకు లెక్కపెట్టిన పిల్లలు నేర్చుకున్నారు, ప్రతి పందేనికీ ఒకటి నుంచి లెక్కపెట్టినవాళ్లకు అంత లాభం లేదు. పటం అదే, పందెం అదే, నోటితో ఏ అంకె పలుకుతున్నారన్నదే తేడా.

వడ్డేపల్లి_అమ్మ:
మేడం, చూశాను. "వన్, టూ, త్రీ" అనే అంటోంది. ఇంకొకటి కూడా కనిపించింది, కాయ ఉన్న గడినే మొదటిదిగా లెక్కపెట్టి ప్రతిసారీ ఒక గడి వెనకే ఆగుతోంది. 23లో ఉండి 5 పడితే 27కి పోతోంది. నేను ఇన్నాళ్లూ ఆ తప్పును అజాగ్రత్త అనుకుని కోప్పడ్డాను.

పరకాల_టీచరమ్మ:
అది అజాగ్రత్త కాదమ్మా, ఆ వయసులో చాలామంది చేస్తారు. నోట్‌బుక్‌లో 8+5కి 12 అని రాసే పిల్లలు ఉంటారు చూడండి, వాళ్లలో చాలామందిది ఇదే పొరపాటు, ఎనిమిదినే మొదటి అడుగుగా లెక్కపెడతారు. నోట్‌బుక్‌లో అది ఒట్టి తప్పు సమాధానంగానే కనిపిస్తుంది, పటం మీద అయితే తప్పు ఎక్కడ పుట్టిందో కళ్ల ముందే కనిపిస్తుంది. కాయను ఎత్తి గాలిలో పట్టుకోమనండి. "ఇప్పుడు ఇరవై మూడు మీద ఉన్నాను" అని పైకి చెప్పాలి. కాయ కింద పెట్టిన ప్రతిసారీ కొత్త గడి పేరే చెప్పాలి. మీ పందెం వచ్చినప్పుడు మీరూ అలాగే గట్టిగా చెప్పండి, పాపను సరిదిద్దడం కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

కాజీపేట_నాన్న:
నేను రైల్వేలో పని చేస్తాను, నైట్ డ్యూటీ అయి వచ్చాక మధ్యాహ్నం పిల్లలతో కూర్చుంటాను కాబట్టి మా ఇంట్లో ఈ ఆటలు నా డిపార్ట్‌మెంట్. రెండు మాటలు చెబుతాను. ఒకటి, డైస్ మీద చుక్కలు లెక్కపెట్టనివ్వకండి. ఐదు చుక్కల బొమ్మ చూడగానే ఐదు అనాలి, పేరు చదివినట్టు. అది రావడానికి మా వాడికి వారం పట్టింది. రెండోది, అది వచ్చాక రెండు డైసులు వేయించండి. 6, 3 పడితే 6 నుంచి మొదలుపెట్టి "ఏడు, ఎనిమిది, తొమ్మిది" అనాలి, పెద్దదాంట్లో చిన్నది కలపడం అన్నమాట.

డైస్‌కు ఎదురెదురు ముఖాలు ఎప్పుడూ కలిపి 7 అవుతాయి. ఇది చెప్పకుండా "పైన 2 ఉంది, కింద ఎంతుందో నేను చూడకుండా చెబుతా" అని మా చిన్నోడిని ఆశ్చర్యపరిచాను. మూడు రోజులు నా వెనకాలే తిరిగి కిటుకు అడిగాడు, నాలుగో రోజు వాడే కనిపెట్టాడు. ఇప్పుడు 7లోంచి ఏ అంకె తీసేసినా ఠక్కున చెబుతాడు. దాన్ని తీసివేత అంటారని వాడికి ఇంకా తెలియదు.

జనగామ_తండ్రి:
అందరూ ఏమనుకున్నా సరే, నాకు అనిపించింది చెబుతాను. మా అమ్మాయితో రెండు నెలలు లూడో ఆడాను, ఆమెకు లూడో బాగా వచ్చింది, లెక్కలు రాలేదు. పరీక్షలో పాములూ నిచ్చెనలూ ఇవ్వరు, 432లోంచి 178 తీసేయమంటారు. మేం చదివినప్పుడు సారు బెత్తం పట్టుకుంటే ఎక్కాలు వచ్చాయి, ఇరవై ఎక్కం ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నేను హమాలీ పని చేసి ఫీజు కడుతున్నాను. సాయంత్రం ఉన్న గంటన్నర ఆటకు పెట్టి, రేపు పిల్ల వెనకబడితే ఆ నష్టం నాదే కదా.

పరకాల_టీచరమ్మ:
అన్నా, మీ మాటలో న్యాయం ఉంది. లూడో గళ్లలో అంకెలు ఉండవు. పిల్ల ఒకటి నుంచి ఆరు వరకు లెక్కపెడుతుంది, వందసార్లు ఆడినా అదే ఆరు. రమణి, సీగ్లర్‌లే 2009లో గుండ్రటి పటాన్నీ వరుస పటాన్నీ పోల్చి చూశారు, వరుసగా ఎడమ నుంచి కుడికి పోయే పటంతోనే ఎక్కువ మేలు జరిగింది. ఇంకోటి, మీరు ఫోన్‌లో ఆడించారా, అట్ట మీదా? ఫోన్‌లో డైస్ అదే పడుతుంది, కాయ అదే జరుగుతుంది, పిల్ల వేలు ఒక్కసారి నొక్కుతుంది అంతే. అందులో లెక్క అంతా ఫోనే చేస్తుంది.

ఎక్కాలు వద్దని నేను అనను. రావాలి. కానీ ఏడు ఎనిమిదులు యాభై ఆరు అని పాడే పిల్లను "ఏడు ఏడులు నలభై తొమ్మిది కదా, మరి ఇంకో ఏడు కలిపితే ఎంత?" అంటే బిక్కమొహం వేస్తుంది. నా తరగతిలో ప్రతి ఏడాదీ చూస్తున్నాను. 432లోంచి 178 సంగతి రేపు రాస్తాను, దానికీ ఒక ఆట ఉంది.

జనగామ_తండ్రి:
ఫోన్‌లోనే మేడం.

నర్సంపేట_నానమ్మ:
నాకు అరవై ఆరేళ్లు, మనుమడు టైపు చేసి పెడుతున్నాడు. మీరంతా అష్టా చెమ్మా ఎందుకు మరిచిపోయారో నాకు అర్థం కాలేదు. మా చిన్నప్పుడు అరుగు మీద బొగ్గుతో ఐదు అడ్డం, ఐదు నిలువు గళ్లు గీసి, నాలుగు పక్కల నడిమి గడికీ, మధ్య గడికీ ఇంటూ కొట్టి ఆడేవాళ్లం. గవ్వలు లేకపోతే చింతగింజలు బండ మీద ఒక పక్క తెల్లగా అయ్యేదాకా అరగదీసేవాళ్లం. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా అంటే నాలుగు, నాలుగూ బోర్లా పడితే అష్టా అంటే ఎనిమిది. నాలుగో ఎనిమిదో పడితే ఇంకో పందెం.

అసలు లెక్క అక్కడ కాదు బిడ్డా. కాయ ఇంట్లోంచి బయలుదేరి బయటి వరస అంతా తిరగాలంటే పదిహేను అడుగులు, లోపలి వరస ఎనిమిది, నడిమి పంటకు ఇంకొకటి, మొత్తం ఇరవై నాలుగు. ఈ లెక్క ఎవరూ చెప్పలేదు, ఆడీ ఆడీ మాకే తెలిసింది. నా కాయ వెనక అక్క కాయ మూడు గళ్ల దూరంలో ఉంటే మూడు పడిందా చస్తాను, మరి జరుపుకోనా, లేక ముందున్న వాళ్ల కాయను చంపనా? ఒక్క పందేనికి నాలుగు కాయలకూ లెక్క చూసుకోవాలి. మా అవ్వకు సంతకం రాదు, కానీ గవ్వలు నేల మీద పడేలోపే ఏ కాయ ఎక్కడికి పోతుందో చెప్పేది.

కాజీపేట_నాన్న:
అమ్మా, ఇది చదివి నిన్న మా పెద్దోడితో (ఐదో తరగతి) గీయించాను. ఏ పందెం ఎన్నిసార్లు పడుతోందో నోట్‌బుక్‌లో గీతలు గీయమన్నాను, ఐదో గీత అడ్డంగా కొట్టి కట్టలు కట్టడం వాళ్ల పాఠంలో ఉంది కదా. రెండు అందరికంటే ఎక్కువసార్లు పడింది. ఎందుకు అని అడిగాడు. నాలుగు గవ్వలు పడే తీరులన్నీ రాయించాను, మొత్తం పదహారు. రెండు పడే తీరులు ఆరు, అష్టాకు ఒక్కటే, చెమ్మాకు ఒక్కటే. గవ్వ నాణెంలా రెండు పక్కలా సమానంగా ఉండదు కాబట్టి సరిగ్గా అంతే పడాలని లేదు, అది కూడా వాడితో మాట్లాడాను. పెద్ద పిల్లలున్న ఇళ్లలో ఇది చేసి చూడండి, గంటసేపు ఫోన్ అడగలేదు.

ఉట్నూరు_ఏకోపాధ్యాయుడు:
టీచరమ్మ గారు చెబుతానన్న ఆట మా బడిలో ఆడేదే అనుకుంటాను, ఆవిడ అనుమతితో నేను రాస్తాను. మాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఐదు తరగతులకూ నేనొక్కడినే. ఎక్కువమంది పిల్లలకు ఇంట్లో భాష గోండి. ఒక తరగతికి నేను పాఠం చెబుతుంటే మిగతా నాలుగు తరగతులూ ఏం చేయాలి? ఆటలు నాకు సరదా కోసం కాదు, అవి లేకపోతే బడి నడవదు. పటాలన్నీ పాత క్యాలెండర్ల వెనక వైపు గీసినవే, కాయలు సీసా మూతలు.

కట్టల ఆట అంటాం. చీపురు పుల్లలు విరిచి ఒక కుప్ప పోస్తాం, రబ్బరు బ్యాండ్లు కొన్ని. రెండు పాచికలు వేసి ఎంత పడితే అన్ని పుల్లలు తీసుకోవాలి. పది కాగానే కట్ట కట్టాలి, కట్టకుండా పదకొండో పుల్ల ముట్టుకుంటే పందెం పోయినట్టు. పది కట్టలు ముందు ఎవరికైతే వాళ్లు గెలిచినట్టు, సుమారు పదిహేను పందేలకు ఆట అయిపోతుంది. రెండు మూడు రోజులు ఇదే ఆడించండి. ఒకట్ల స్థానం, పదుల స్థానం అన్న మాటలు అప్పుడే చెప్పొద్దు.

తర్వాత ఆటను తిరగేయండి. అందరి దగ్గరా పది కట్టలు, పందెం ఎంత పడితే అన్ని పుల్లలు కుప్పలో తిరిగి వేయాలి, ముందు ఖాళీ అయినవాళ్లు గెలిచినట్టు. మొదటి పందెంలోనే ఇరుక్కుంటారు, ఎందుకంటే చేతిలో విడి పుల్ల ఒక్కటీ లేదు. "సార్, 7 పడ్డది, ఎట్ల ఇయ్యాలె?" అంటారు. నేను ఏమీ చెప్పను. కాసేపటికి ఎవరో ఒకరు రబ్బరు బ్యాండ్ విప్పుతారు. 3 కట్టలు, 2 విడి పుల్లలు ఉండి 7 పడితే ఒక కట్ట విప్పాలి, అప్పుడు విడివి 12, అందులోంచి 7 పోతే 5, కట్టలు రెండు, అంటే 25. పలక మీద 32లోంచి 7 తీసేసేటప్పుడు పదుల స్థానంలోంచి అప్పు తెచ్చుకోవడం అని మనం చెప్పే ముక్క ఇదే. కట్ట విప్పిన పిల్లకు అప్పు అంటే ఏమిటో ఇంక చెప్పనక్కర్లేదు. జనగామ అన్నా, మీ 432, 178 కూడా ఇదే, వంద పుల్లల పెద్ద కట్టలు నాలుగు చేసుకుంటే సరి.

ఒక్క జాగ్రత్త. ఆట అయ్యాక ఐదు నిమిషాలు రాయించాలి. ప్రతి పందేనికీ ఒక లెక్క, 32–7=25 అని. రాయించకపోతే ఆటలో వచ్చింది ఆటలోనే ఉండిపోతుంది, నోట్‌బుక్‌లోకి రాదు. మొదటి ఏడాది నేను రాయించలేదు, ఆ పిల్లలు పుల్లలతో చేసేవాళ్లు, కాగితం మీద అదే లెక్క చూసి నిలబడిపోయేవాళ్లు. ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పరకాల_టీచరమ్మ:
సార్, నేను రాసినా ఇంత చక్కగా వచ్చేది కాదు. 2022లో సర్కారు బడుల్లో చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పుడు చతుర్విధ ప్రక్రియల్లో (కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం) పిల్లలు ఎక్కడెక్కడ ఆగిపోతున్నారో కూర్చుని చూశాను. నా బడిలో ఎక్కువమంది ఆగింది ఈ అప్పు దగ్గరే.

ఎక్కాల కోసం జనగామ అన్నకు ఒక ఆట. గళ్ల నోట్‌బుక్‌లో ఒక పేజీ, రెండు డైసులు, రెండు రంగుల పెన్సిళ్లు. 4, 3 పడితే నాలుగు గళ్ల పొడవు, మూడు గళ్ల వెడల్పు పెట్టె గీసి, లోపల 12 అని రాయాలి. తర్వాతివాళ్లు ఇంకోచోట గీస్తారు. చోటు లేక గీయలేకపోయినవాళ్ల పందెం పోతుంది, చివరికి ఎవరి గళ్లు ఎక్కువైతే వాళ్లు గెలిచినట్టు. 4 మూళ్లూ 3 నాలుగులూ ఒకటే అని వేరే చెప్పక్కర్లేదు, చోటు చాలకపోతే పెట్టెను అడ్డంగా తిప్పి గీసుకుంటారు.

వడ్డేపల్లి_అమ్మ:
మూడు వారాలు ఆగి రాద్దామనుకున్నాను, దసరా సెలవులు కలిసొచ్చాయి. మొదటి వారం చాలా కష్టమైంది. 98లో పాము కరిచి కిందికి దిగితే గంటసేపు ఏడ్చింది, పటం చింపబోయింది. మా ఆయన పోనీ పాపనే గెలవనిద్దాం అన్నారు, నేను సరేనని ఒకసారి చేశాను, ఆమెకు తెలిసిపోయి ఇంకా కోపం వచ్చింది. ఇంకో ఇబ్బంది, మా అత్తమ్మ "ఇరవై తొమ్మిది" అంటే పాపకు అర్థం కాదు, పాప "ట్వెంటీ నైన్" అంటే అత్తమ్మ "ఎంతనే?" అంటారు. థర్టీన్, థర్టీ అయితే పాపకు ఎప్పుడూ కలిసిపోతాయి.

ఇప్పుడు 8+5కి "ఎయిట్" అని తలూపి, "నైన్, టెన్, ఎలెవన్, ట్వెల్వ్, థర్టీన్" అంటోంది. నా వేళ్లు అడగడం మానేసింది. 13లోంచి 5 తీయమంటే ఇంకా రాదు. కడుపునొప్పి మాట మాత్రం ఈ పది రోజుల్లో వినలేదు.

పరకాల_టీచరమ్మ:
చాలా సంతోషం అమ్మా. ఒక రోజు మొత్తం తెలుగులో, ఒక రోజు మొత్తం ఇంగ్లిష్‌లో ఆడండి, ఒకే పందెంలో రెండూ కలపొద్దు. పదమూడు, ముప్పై ఎప్పుడూ కలవవు, ఆ చిక్కు ఇంగ్లిష్‌లోనే. తెలుగులో వాళ్లు తడబడేది ఇరవై, అరవై దగ్గర. అత్తమ్మ గారిని తప్పకుండా కూర్చోబెట్టండి.

బజారులో దొరికే పటంలో 1 నుంచి 10 ఎడమ నుంచి కుడికి, 11 నుంచి 20 కుడి నుంచి ఎడమకు పోతాయి. తడబడే పిల్లకు అది అదనపు బరువు. అట్ట మీద మీరే గీయండి, ప్రతి వరసా ఎడమ నుంచే మొదలవ్వాలి. అప్పుడు 23 పైన 33, దాని పైన 43 ఉంటాయి, పది కలపడమంటే ఒక మెట్టు ఎక్కడమని కంటికి కనిపిస్తుంది. తీసివేతకు వంద నుంచి కిందికి దిగే ఆట ఆడండి, అప్పుడు పాములన్నీ మేలు చేస్తాయి, నిచ్చెన కనిపిస్తే భయపడాలి. పాము కాటుకు ఏడ్చే పిల్లలకు ఇది మందులా పని చేస్తుంది.

కాజీపేట_నాన్న:
మేడం, బజారు పటంలో కూడా ఒక అందం ఉంది, చెప్పకుండా ఉండలేను. అడుగు వరసలో ఏ అంకె అయినా, దాని నెత్తి మీద గడిలో ఉన్న అంకె కలిపితే 21. 7 పైన 14, 5 పైన 16. రెండో వరస, మూడో వరస కలిపితే 41. లెక్క కుదిరిన పెద్ద పిల్లలకు ఆ పటమూ ఉంచండి.

నర్సంపేట_నానమ్మ:
ఓడిపోతే ఏడ్చే పిల్లను ఒక్కదాన్నే ఆడనివ్వకండి, పెద్దవాళ్లతో జత కట్టండి. ఇద్దరూ కలిసి ఓడితే ఏడుపు సగమే వస్తుంది. వామనగుంటలు కూడా ఆడించండి. ఒక్కో వరసకు ఏడు గుంటలు, రెండు వరసలు, గుంటకు ఐదు గింజల చొప్పున. ఎన్ని గింజలు కావాలో పాపనే ఏరుకు రమ్మనండి, మీరు చెప్పకండి.

వడ్డేపల్లి_అమ్మ:
అమ్మా, మీ మాట చదివి వినిపించాను. ఒక వరసకు పోసి "థర్టీ ఫైవ్" అంది, ఇంకో వరసకు "మళ్లీ థర్టీ ఫైవ్" అని కాసేపు ఆగి డెబ్బై అంది. అత్తమ్మతో ఆడుతోంది కదా, ఆ మాట తెలుగులోనే వచ్చింది.

జనగామ_తండ్రి:
నిన్న రాత్రి కట్టల ఆట ఆడాం. పుల్లలు నేనే విరిచాను. వంద నుంచి కిందికి దిగడానికి నలభై నిమిషాలు పట్టింది. నేను ఆగలేక రెండుసార్లు కట్ట విప్పబోతే "బాపూ, నువ్వు ముట్టకు" అంది. తర్వాత ఆరు లెక్కలు రాసింది, ఐదు సరిగ్గా ఉన్నాయి. ఆరోదాంట్లో 41లోంచి 8 తీసి 47 అని రాసి, తనే పుల్లలు తెచ్చుకుని చేసి చూసి కొట్టేసి 33 రాసింది. ఎక్కాలు మాత్రం పొద్దున అప్పజెప్పించుకుంటాను, అది మానను. ఉట్నూరు సార్, వంద పుల్లల కట్టకు మామూలు రబ్బరు బ్యాండ్ తెగిపోతోంది, మీరు దేంతో కడతారు?

ఉట్నూరు_ఏకోపాధ్యాయుడు:
పాత సైకిల్ ట్యూబ్ అడ్డంగా కోసుకోండి అన్నా, చక్రాల్లా వస్తాయి. పంక్చర్ షాపులో ఊరికే ఇస్తారు. పది కట్టలను కలిపి దాంతో బిగించండి, లోపలి కట్టల రబ్బరు బ్యాండ్లు మాత్రం తీయకండి. 432లోంచి 178 చేసేటప్పుడు పెద్ద కట్ట విప్పితే పది చిన్న కట్టలు బయటికి రావాలి, వంద పుల్లలు కాదు.